తలాపున జంట సూర్యులు

వేసవి రాత్రుల్లో దాబా మీద పక్కలు వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. పక్క వేసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట తప్పకుండా అంటారు: ఉత్తరం వైపు తల పెట్టొద్దు. దాంతో తూర్పుకో దక్షిణానికో తల పెట్టి పడుకుంటాం. దక్షిణానికి తల పెట్టి వెల్లకిలా పడుకున్నవాడికి కాళ్ల వైపు ఉత్తరాకాశం అంతా పరుచుకుని ఉంటుంది. ధ్రువుడు, సప్తర్షులు, వసిష్ఠుడి పక్కన నలుసంత అరుంధతి. చిన్నప్పుడు నేను నేర్చుకున్న చుక్కలన్నీ అటువైపువే. తలాపున ఏముందో తెలియాలంటే లేచి కూర్చుని వెనక్కి తిరగాలి. నేను అలా తిరిగి చూసింది చాలా ఆలస్యంగా. చూశాక, ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చూపించలేదా అనిపించింది.

తలాపున, దక్షిణ దిక్కున, నేలకు కాస్త ఎత్తులో, మన సూర్యుణ్ణి మినహాయిస్తే, కంటికి కనిపించేవాటిలో మనకు అన్నిటికన్నా దగ్గరి సూర్యుడు వెలుగుతున్నాడు. మామూలు కంటికి ఒక్క చుక్కే. నిజానికి అక్కడున్నది ఇద్దరు. ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్న జంట. పేరు ఆల్ఫా సెంటారీ. గ్రీకు కథల్లో సగం మనిషి, సగం గుర్రం అయిన సెంటార్ రూపాన్ని ఊహించుకున్న చుక్కల గుంపులో ఇది అన్నిటికన్నా ప్రకాశవంతమైనది.

రాత్రి ఆకాశంలో కాంతిలో మొదటి చుక్క సిరియస్, మన లుబ్ధకుడు. రెండోది కానోపస్, మన అగస్త్యుడు. మూడోది ఈ ఆల్ఫా సెంటారీ. నాలుగోది స్వాతి. స్వాతి కార్తె మన రైతుకు తెలుసు, స్వాతి చినుకు ముత్యమవుతుందన్న మాట అందరికీ తెలుసు. దానికన్నా కాంతిమంతమైన ఈ చుక్క మాత్రం మన మాటల్లోకి రాలేదు. మన అక్షాంశం నుంచి అది దక్షిణాన బాగా కిందుగా, కొన్ని నెలలు మాత్రమే, కొన్ని గంటలు మాత్రమే కనిపించడమే ఇందుకు కారణమని నా అంచనా. ఇందులో ఇంకో విశేషం ఉంది. జంటలో పెద్దదాన్ని ఒక్కదాన్నే లెక్కేస్తే అది స్వాతి కంటే వెంట్రుకవాసి తక్కువ. రెండు చుక్కల వెలుగూ కలిసి మన కంటికి ఒక్కటిగా అందుతోంది కాబట్టే దానికి మూడో స్థానం దక్కింది.

ఇద్దరున్నప్పుడు ఒక్కటిగా ఎందుకు కనిపిస్తుంది? దీనికి పెళ్లిలో చూపించే అరుంధతి దగ్గరికే వెళ్దాం. ఆకాశంలో ఎడాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం. అందులో మళ్లీ అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను. నిండు చందమామ వెడల్పు దాదాపు 1,800 ఆర్క్ సెకన్లు. వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య ఎడం సుమారు 700. మంచి చూపున్న కన్ను రెండు చుక్కల్ని విడదీసి చూడాలంటే వాటి మధ్య కనీసం 60 ఆర్క్ సెకన్ల ఎడం ఉండాలి. అందుకే అరుంధతి కళ్లకు పరీక్ష అయింది, అయినా చాలామందికి దొరుకుతుంది. ఆల్ఫా సెంటారీ జంట మధ్య ఇప్పుడున్న ఎడం దాదాపు 10 ఆర్క్ సెకన్లు. రూపాయి బిళ్లను అర కిలోమీటరు అవతల నిలబెడితే అది కనిపించేంత. కంటికి ఆ పని సాధ్యం కాదు. చిన్న టెలిస్కోప్‌కి చాలా తేలిక.

ఆ తేలికైన పనిని మొదట చేసినవాడు మన తీరం నుంచే చేశాడు. జాన్ రిషో అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు సయాం దేశానికి, అంటే ఇవాళ్టి థాయిలాండ్‌కి, గణితం తెలిసిన గురువుల బృందంతో వెళ్లాడు. 1688లో అక్కడ రాజ్యం తలకిందులై ఫ్రెంచివాళ్లను తరిమేయడంతో రిషో పుదుచ్చేరి చేరాడు. 1689 డిసెంబరులో ఒక తోకచుక్క కనిపిస్తే దాన్ని గమనించడానికి తన 12 అడుగుల టెలిస్కోప్‌ని ఎక్కుపెట్టాడు. డిసెంబరులో ఈ దక్షిణపు చుక్కలు తెల్లవారుజామున గానీ పైకి రావు. ఆ వేళ తోకచుక్కను వెంబడిస్తూ సెంటార్ పాదం దగ్గరి చుక్కను చూసేసరికి అక్కడ ఒకటికి రెండు కనిపించాయి. భారతదేశంలో టెలిస్కోప్‌తో జరిగిన తొలి ఆవిష్కరణల్లో ఇదొకటి. మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా దీనికి చోటు ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పుదుచ్చేరి బీచి రోడ్డు మీద సాయంత్రం నడిచే పిల్లలకు, ఈ ఊరి నుంచే ఒక మనిషి మన పొరుగు సూర్యుడు ఒంటరి కాదని మొదట చూశాడన్న సంగతి తెలియాలి.

అయితే రిషో చూసింది రెండు చుక్కల్ని మాత్రమే. అవి నిజమైన జంట అన్న సంగతి అప్పుడు తెలియదు. రోడ్డు మీద చాలా దూరంగా ఉన్న లారీ దీపం, దగ్గరలో ఉన్న సైకిలు దీపం ఒకే వరసలో ఉంటే పక్కపక్కన ఉన్నట్టే అనిపిస్తాయి. ఆకాశంలోనూ అలాంటి ఉత్తుత్తి జంటలు బోలెడు. నిజమైన జంట అనాలంటే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరగాలి. ఆ తిరుగుడు కనిపెట్టడానికి ఏళ్ల తరబడి కొలతలు కావాలి. 1750లలో దక్షిణాఫ్రికా కొసన కేప్‌లో లకాయ్, 1830లలో అక్కడే జాన్ హెర్షెల్, ఆ తర్వాత మద్రాసు అబ్జర్వేటరీలో కెప్టెన్ డబ్ల్యు.ఎస్. జేకబ్ వంటివాళ్లు ఈ జంటను కొలిచారు. ఒకరు రాసిపెట్టిన అంకెను ఇంకొకరు అందుకుంటూ వెళ్తే చిన్న చుక్క పెద్ద చుక్క చుట్టూ కదులుతున్న దారి కాగితం మీద మెల్లగా విచ్చుకుంది.

మూడేళ్ల కిందట మే నెలలో మా మేనకోడల్ని బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి తీసుకెళ్లి మూడంగుళాల టెలిస్కోప్‌లో ఈ జంటను చూపించాను. సముద్రం మీది తేమ గాలికి బొమ్మ మరిగే నీళ్లలో చూసినట్టు వణికింది. నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టాక గాలి ఒక్క క్షణం కుదురుకుంది. నిమ్మపండు రంగులో ఒక చుక్క, దాన్ని ఆనుకుని కాస్త నారింజ ఛాయలో చిన్న చుక్క. పిల్ల కన్ను తీయకుండా అడిగింది: "మామయ్యా, అవి ఒప్పులకుప్ప ఆడుతున్నాయా?"

ఆ పిల్ల అన్నదానికంటే సరిగ్గా నేను చెప్పలేను. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి, గిర్రున తిరిగే ఆట ఒప్పులకుప్ప. ఆ ఆటలో ఒకరు కదలకుండా నిలబడి ఇంకొకరు చుట్టూ తిరగడం ఉండదు. ఇద్దరి మధ్య ఎక్కడో ఒక బిందువు ఉంటుంది, ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతారు. ఇద్దరూ ఒకే బరువైతే ఆ బిందువు సరిగ్గా నడుమ ఉంటుంది. ఒకరు బరువెక్కువైతే వాళ్ల వైపు జరుగుతుంది. కావడి మోసేవాడు బరువెక్కువున్న కుండ వైపు భుజాన్ని జరుపుకోవడం ఇదే లెక్క. ఆల్ఫా సెంటారీలో పెద్దవాడు మన సూర్యుడి కన్నా కొంచెం బరువు, 1.08 రెట్లు. చిన్నవాడు కొంచెం తక్కువ, 0.91. బరువుల్లో పెద్ద తేడా లేదు కాబట్టి వీళ్ల కావడి బద్ద దాదాపు మధ్యలోనే నిలుస్తుంది. ఇద్దరూ పెద్ద పెద్ద కోడిగుడ్డు ఆకారపు దారుల్లో ఆ బిందువు చుట్టూ తిరుగుతున్నారు.

ఆ దారులు ఎంత పెద్దవో చెప్పడానికి కిలోమీటర్లు పనికిరావు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని శాస్త్రజ్ఞులు ఖగోళ ప్రమాణం అంటారు. మనం దాన్ని ఒక బార అనుకుందాం. బావి లోతు చెప్పేటప్పుడు వాడే బారే. ఈ జంట ఒకరికొకరు బాగా దగ్గరైనప్పుడు మధ్య ఎడం 11 బారలు. దూరమైనప్పుడు 35 బారలు దాటుతుంది. మన సూర్యకుటుంబంలో శని సూర్యుడి నుంచి తొమ్మిదిన్నర బారల్లో, నెప్ట్యూన్ 30 బారల్లో ఉన్నాయి. అంటే మన ఆకాశంలోకి ఇంకో సూర్యుడు వచ్చి, ఒకప్పుడు శనిని దాటి కాస్త అవతలగా, ఇంకొకప్పుడు నెప్ట్యూన్ కంటే దూరంగా తిరుగుతుంటే ఎలా ఉంటుందో అక్కడ అలా ఉంటుంది.

ఒక చుట్టుకు పట్టే కాలం దాదాపు 79 ఏళ్ల 10 నెలలు. ఈ అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎనభై దాటిన పెద్దలకు మన ఇళ్లలో సహస్ర చంద్ర దర్శనం చేస్తారు, వెయ్యి పున్నములు చూసిన నిండు జీవితమని. వెయ్యి పున్నములకు పట్టేది 80 ఏళ్ల 10 నెలలు. ఆ జంట ఒక చుట్టు పూర్తి చేసేది అంతకు ఒక్క ఏడాది ముందు. మనిషికి నిండు ఆయుష్షు అనుకున్నదీ వాళ్ల ఒక్క చుట్టూ దాదాపు సమానం. ఆకాశంలో చాలా సంగతులు లక్షల ఏళ్ల లెక్కలో ఉంటాయి, వాటిని మనం నమ్మడమే తప్ప చూడలేం. ఇది అలా కాదు. ఒక తాత తన పదేళ్లప్పుడు చూసిన అమరికకు తొంభయ్యో ఏట అవి తిరిగి వస్తాయి. రిషో చూసిన రోజు నుంచి ఇప్పటికి నాలుగు చుట్లు పూర్తయి అయిదోది నడుస్తోంది.

ఈ తిరుగుడు తెలిస్తే ఒక గొప్ప పని చేయొచ్చు: చుక్కల్ని తూకం వేయొచ్చు. పదో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్క ఇది. జంట మధ్య సగటు ఎడం 23.3 బారలు. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ దానితోనే గుణిస్తే సుమారు 12,650 వస్తుంది. కాలం 79.8 ఏళ్లు. దాన్ని దానితో ఒకసారి గుణిస్తే సుమారు 6,370. మొదటి అంకెను రెండోదానితో భాగించండి. 1.99 వస్తుంది. రెండు చుక్కల బరువూ కలిపి మన సూర్యుడికి 1.99 రెట్లు అని అర్థం. పైన చెప్పిన 1.08నీ 0.91నీ కూడి చూడండి, సరిపోతుంది. ఎవరూ వెళ్లలేనంత దూరంలో ఉన్న రెండు అగ్నిగోళాలను ఒక ఎడం, ఒక కాలం, ఈ రెండే పట్టుకుని తూచడం కెప్లర్ సూత్రం వల్ల, దాని వెనక న్యూటన్ చెప్పిన ఆకర్షణ వల్ల సాధ్యమైంది. చుక్కల బరువుల గురించి మనిషికి తెలిసినదాంట్లో పునాది భాగం ఇలాంటి జంటల నుంచే వచ్చింది. ఒంటరి చుక్కను ఇలా తూచలేం.

కానీ ఈ తూకానికి ముందు ఒక సంగతి తెలియాలి. ఎడం బారల్లో చెప్పాలంటే ఆ జంట మనకు ఎంత దూరంలో ఉందో తెలియాలి. ఆ దూరం కొలిచిన మనిషి కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

థామస్ హెండర్సన్ స్కాట్లండ్‌లోని డండీలో పుట్టాడు. చదువుకున్నది న్యాయశాస్త్రం, చేసింది లాయర్ల దగ్గర గుమాస్తాగిరీ. చూపు అంత మంచిది కాదు. ఖగోళం మీద ఇష్టంతో సొంతంగా నేర్చుకున్నాడు. 1832లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ అబ్జర్వేటరీకి అధికారిగా వెళ్లాడు. ఆ చోటు అతనికి ఏమాత్రం నచ్చలేదు. నిండా ఏడాదికి కాస్త పైన ఉండి, 1833లో రాజీనామా చేసి తిరిగి వచ్చేశాడు. ఆ కొద్దికాలంలోనే ఆల్ఫా సెంటారీ స్థానాన్ని మళ్లీ మళ్లీ కొలిచి రాసుకున్నాడు. ఆ చుక్క ఆకాశంలో ఏటేటా మామూలుకన్నా ఎక్కువగా జరుగుతోందని సెయింట్ హెలీనా దీవిలో పనిచేసిన మాన్యుయల్ జాన్సన్ చెప్పడంతో, అది దగ్గరి చుక్క అయి ఉండొచ్చని హెండర్సన్‌కి తోచింది. రైల్లో వెళ్తుంటే దగ్గరి చెట్లు గబగబా, దూరపు కొండలు మెల్లగా జరిగినట్టు కనిపిస్తాయి కదా, అదే తర్కం.

దూరం కొలిచే పద్ధతి మీ చేతిలోనే ఉంది. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు ఎదుటి గోడ మీద అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరైతే ఎక్కువ, దూరమైతే తక్కువ. దీన్ని పారలాక్స్ అంటారు. రెండు కళ్ల మధ్య ఎడం తెలిస్తే వేలి దూరం లెక్కకట్టొచ్చు. చుక్కల విషయంలో మన రెండు కళ్లు భూమి కక్ష్యకు రెండు చివరలు: జనవరిలో భూమి ఉన్న చోటు ఒక కన్ను, జూలైలో ఉన్న చోటు ఇంకో కన్ను. వాటి మధ్య రెండు బారల ఎడం. అంత ఎడంలోంచి చూసినా ఆల్ఫా సెంటారీ జరిగేది అతి స్వల్పం. దాని పారలాక్స్ ఒక ఆర్క్ సెకనులో ముప్పావు వంతు. ఇందాకటి రూపాయి బిళ్లను ఆరేడు కిలోమీటర్ల దూరంలో పెడితే కనిపించేంత. అన్ని చుక్కల్లోకీ ఎక్కువ జరిగే జంటకే ఇంత స్వల్పమైతే, అంతకు ముందు రెండు వందల ఏళ్లు ఎంతమంది ప్రయత్నించినా ఎందుకు దొరకలేదో అర్థమవుతుంది.

హెండర్సన్‌కి లెక్కలో ఆ కదలిక దొరికింది. కానీ ఆయన వెంటనే ప్రకటించలేదు. అంతకుముందు చాలామంది చుక్కల దూరం కనుక్కున్నామని చెప్పి, అది పరికరం లోపమని తేలి నవ్వులపాలయ్యారు. తన పరికరాన్ని కూడా ఆయన పూర్తిగా నమ్మలేదు. ఈలోగా 1838లో జర్మనీలో బెస్సెల్ హంస రాశిలోని ఒక మసక చుక్క దూరాన్ని పకడ్బందీగా కొలిచి ప్రకటించాడు. హెండర్సన్ తన ఫలితాన్ని 1839 జనవరిలో బయటపెట్టాడు. ముందు కొలతలు తీసుకున్నవాడికి మొదటివాడన్న పేరు రాలేదు. ఇది పిరికితనం అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. తన అంకెను తానే అనుమానించడం శాస్త్రజ్ఞుడికి ఉండాల్సిన గుణం. ఆయన చెప్పిన పారలాక్స్ అసలుకన్నా ఎక్కువేనని తర్వాత తేలింది కూడా.

ఇవాళ మనకు తెలిసిన దూరం 4.3 కాంతి సంవత్సరాలకు కొద్దిగా పైన. కిలోమీటర్లలో సుమారు 41 లక్షల కోట్లు. ఇవాళ రాత్రి మీ కంటిని తాకే వెలుగు అక్కడ బయల్దేరి నాలుగేళ్ల నాలుగు నెలలు అయింది. ఈ ఏడు ఎల్‌కేజీలో చేరిన పిల్ల పొత్తిళ్లలో ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగు అది. సెకనుకు 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్-1 అంతరిక్ష నౌక అటువైపే వెళ్తోందనుకున్నా చేరడానికి 75 వేల ఏళ్లు దాటుతుంది.

దీన్ని వంటింటి కొలతలోకి తెచ్చుకుందాం. మన సూర్యుణ్ణి నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ చేసి హైదరాబాద్‌లో పెట్టండి. భూమి గసగసం గింజకన్నా చిన్న నలుసు, నిమ్మకాయకు నాలుగు మీటర్ల పైచిలుకు దూరంలో. నెప్ట్యూన్ 130 మీటర్లలో. అక్కడితో మన కుటుంబంలోని గ్రహాలు అయిపోయాయి. తర్వాతి నిమ్మకాయలు ఎక్కడ? దాదాపు 1,200 కిలోమీటర్ల అవతల, అంటే ఇంచుమించు ఢిల్లీలో. అక్కడ కాస్త పెద్దదొకటి, కాస్త చిన్నదొకటి, రెండు నిమ్మకాయలు. వాటి మధ్య ఎడం ఒకప్పుడు 50 మీటర్లు, ఒకప్పుడు 150 మీటర్లు. మధ్య దారి అంతా దాదాపు ఖాళీ.

ఆ నిమ్మకాయలకు 55 కిలోమీటర్ల దూరంలో మిరియపు గింజంత ఇంకొకటి ఉంది. అది ప్రాక్సిమా సెంటారీ, ఈ కుటుంబంలో మూడోది. 1915లో జొహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ కనుగొన్నాడు. ఎర్రని మరుగుజ్జు చుక్క, టెలిస్కోప్ లేకుండా కనిపించే ప్రశ్నే లేదు. జంట నుంచి అది ఆకాశంలో బొటనవేలంత ఎడంగా ఉంటుంది. జంట చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి అయిదు లక్షల ఏళ్లకు పైనే పడుతుంది. ప్రస్తుతం మన వైపు ఉంది కాబట్టి 4.24 కాంతి సంవత్సరాల దూరంతో మనకు అన్నిటికన్నా దగ్గరి చుక్క ఇదే.

అక్కడ గ్రహాలున్నాయా అని అందరూ అడుగుతారు. ప్రాక్సిమా చుట్టూ ఉన్నాయి. 2016 ఆగస్టులో ప్రకటించిన గ్రహం భూమికి దగ్గర దగ్గర బరువుతో 11.2 రోజులకు ఒక చుట్టు తిరుగుతోంది. నీరు ద్రవంగా ఉండగల దూరంలోనే ఉంది గానీ, ప్రాక్సిమా తరచూ భగ్గుమని జ్వాలలు చిమ్మే చుక్క కాబట్టి అక్కడ గాలి పొర నిలిచిందా అన్నది పెద్ద ప్రశ్న. జంట సూర్యుల విషయం ఇంకా తేలలేదు. 2012లో చిన్నవాడి చుట్టూ భూమంత గ్రహం దొరికిందని ప్రపంచమంతా వార్త అయింది. 2015లో ఆ అంకెల్ని తిరగేసి చూసినవాళ్లు అది గ్రహం కాదు, లెక్కలో పుట్టిన నీడ అని చూపించారు. 2025 ఆగస్టులో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పెద్దవాడి పక్కన శనిలాంటి వాయు గ్రహపు ఆనవాలు చూసిందని ప్రకటించారు. 2024లో ఒకసారి కనిపించింది, 2025లో మళ్లీ చూసినప్పుడు కనిపించలేదు. కక్ష్యలో సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి దాక్కుని ఉండొచ్చంటున్నారు. ఇంకొకసారి దొరికేదాకా దాన్ని అభ్యర్థి అనే పిలవాలి, గ్రహం అని కాదు. పేపర్లో శీర్షిక చదివేటప్పుడు ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

పెద్దవాడి చుట్టూ భూమిలాంటి నేల ఒకటి ఉందనుకుంటే అక్కడి రాత్రి ఎలా ఉంటుందో మాత్రం లెక్క వేయొచ్చు. చిన్నవాడు బాగా దగ్గరికొచ్చిన కాలంలో అతని వెలుగు మన పగటి ఎండలో రెండు వందల యాభయ్యో వంతు. తక్కువేం కాదు, దాదాపు 1,600 పున్నమి చంద్రులు ఒక్కసారి కాసినంత. దూరమైన కాలంలో అందులో పదో వంతు. పుస్తకం చదువుకోవడానికి అదీ చాలు. నలభై ఏళ్లు వెలుగు తగ్గుతూ, నలభై ఏళ్లు పెరుగుతూ రాత్రులు మారతాయి. ఏడాదిలో కొన్ని నెలలు ఇద్దరూ ఒకే వైపు ఉంటారు కాబట్టి అప్పుడు చీకటి రాత్రులూ వస్తాయి. ఆ చీకట్లో నిలబడి డబ్ల్యూ ఆకారంలో ఉండే కాసియోపియా చుక్కల వైపు చూస్తే, మనం ఇక్కడ చూసే అయిదు చుక్కల వరసకు ఒక చివర ఆరోది మెరుస్తుంది. ఆ ఆరోది మన సూర్యుడు.

ఇక చూసే సంగతి. ఏప్రిల్ చివర నుంచి తొలకరి మబ్బులు కమ్మేదాకా మనకు అదను. మే మొదట్లో అర్ధరాత్రికి, మే నడుమ రాత్రి 11 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, నెలాఖరుకు పదింబావుకు ఈ జంట సరిగ్గా దక్షిణాన తన గరిష్ఠ ఎత్తుకు చేరుతుంది. ఆ వేళకు అటూ ఇటూ రెండేసి గంటలు కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీలు. హైదరాబాద్‌లో, విశాఖలో ఈ చుక్క దిగంతానికి ఒక పిడికిలి పైన, అంటే 12 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. తిరుపతిలో పిడికిలిన్నర. ఆదిలాబాద్‌లో పిడికిలికి కొంచెం తక్కువే. కాబట్టి దక్షిణాన భవనాలు, చెట్లు లేని చోటు వెతకాలి. పొలం గట్టు, చెరువు కట్ట, సముద్రపు ఒడ్డు మేలు.

గుర్తుపట్టడానికి త్రిశంకుణ్ణి పట్టుకోండి. విశ్వామిత్రుడు త్రిశంకుడి కోసం దక్షిణాన వేరే చుక్కలు సృష్టించి అతన్ని తలకిందులుగా నిలిపాడన్న కథ మనకు తెలిసిందే. సదరన్ క్రాస్ అనే నాలుగు చుక్కల శిలువను మనవాళ్లు త్రిశంకుడు అని చెప్పుకుంటారు. మే నడుమ రాత్రి తొమ్మిది దాటాక అది దక్షిణాన నిటారుగా నిలుస్తుంది. దానికి ఎడమ పక్కన, అంటే తూర్పు వైపు, రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. త్రిశంకుడికి దగ్గరగా ఉన్నది బీటా సెంటారీ, ఇంకా ఎడమ చివర ఉన్నది మన ఆల్ఫా. పక్కపక్కనే ఉన్నాయని మోసపోవద్దు. బీటా దాదాపు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఆల్ఫాకు తొంభై రెట్లు. ఇందాక చెప్పిన లారీ దీపం, సైకిలు దీపం ఇవే. ఆస్ట్రేలియా దక్షిణ భాగాల్లో, న్యూజిలాండ్‌లో ఉంటున్న మనవాళ్లకు ఈ తంటా లేదు. అక్కడ ఈ జంట అస్తమించదు, ఏడాది పొడుగునా ఏదో ఒక వేళ కనిపిస్తుంది.

టెలిస్కోప్ దొరికితే ఇవే మంచి ఏళ్లు. ఈ దశాబ్దం చివరిదాకా ఎడం సుమారు పది ఆర్క్ సెకన్ల దగ్గర ఉంటుంది, తర్వాత 2030లలో అవి మళ్లీ దగ్గరకు జరిగి విడదీయడం కష్టమవుతుంది. కాలేజీల్లో, సైన్స్ క్లబ్బుల్లో మూలనపడి ఉన్న చిన్న టెలిస్కోపులు ఈ పనికి చాలు. దయచేసి వాటి మీద దుమ్ము దులిపి, ఒక్క మే రాత్రి పిల్లల్ని దక్షిణం వైపు తిప్పి కూర్చోబెట్టండి. 1955 ఆగస్టులో ఆ ఇద్దరు సూర్యులు ఒకరికొకరు అత్యంత దగ్గరగా వచ్చి విడిపోయారు. మళ్లీ అంత దగ్గరయ్యే దృశ్యం మన కంటికి అందేది 2035 మే ప్రాంతంలో, సరిగ్గా అవి మన దక్షిణాకాశంలో బాగా కనిపించే నెలలో.